విశ్రాంతికి లొంగని అలసట: థైరాయిడ్, అడ్రినల్ లోపాలపై దీవుల్లోని తెలుగువారు తెలుసుకోవలసినవి

శ్రీ విజయపురం: రాత్రంతా నిద్రపోయినా తెల్లవారేసరికి ఒళ్లు బరువుగా ఉండడం, నాలుగు మెట్లు ఎక్కితే కూర్చోవాలనిపించడం, నిన్నటివరకు అలవోకగా చేసిన పని నేడు కొండలా కనిపించడం. ఈ స్థితి ఒకటి రెండు రోజులు ఉంటే ఎండ వల్లనో పని ఒత్తిడి వల్లనో అనుకోవచ్చు. వారాలు, నెలలు గడిచినా తగ్గకపోతే కారణం వెతకవలసిందే. దీర్ఘకాలిక అలసటకు దారితీసే అనేక కారణాలలో రెండు చిన్న గ్రంథుల లోపాలు ముఖ్యమైనవి. ఒకటి మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి, రెండవది మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉండే అడ్రినల్ గ్రంథుల జంట.

ఈ రెండింటి లోపాలకూ చికిత్స ఉంది, అది ఖరీదైనదీ కాదు. అయితే రెండింటి స్వభావం ఒకటి కాదు. థైరాయిడ్ మాత్ర ఒకటి రెండు రోజులు అందకపోయినా శరీరం ఓర్చుకుంటుంది. అడ్రినల్ లోపం ఉన్నవారికి మందు ఒక్క రోజు ఆగినా ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఓడ రాకపోకలపైన, వాతావరణంపైన ఆధారపడి జీవించే అండమాన్ నికోబార్ దీవుల ప్రజలకు ఈ తేడా తెలిసి ఉండడం అత్యవసరం.

దీవుల ప్రత్యేక పరిస్థితి

అండమాన్ నికోబార్ ద్వీపసమూహంలో చిన్నా పెద్దా కలిపి 836 దీవులు ఉండగా, వాటిలో 31 మాత్రమే జనావాసాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనాభా సుమారు 3.81 లక్షలు. అందులో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో అధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. చేపల వేట, కూలిపని, చిన్న వ్యాపారాలు, ప్రభుత్వోద్యోగాలు వీరి జీవనాధారాలు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి దీవులన్నింటికీ ప్రధాన వైద్యకేంద్రం. ఉత్తరాన మాయాబందర్‌లోను, దక్షిణాన కార్ నికోబార్‌లోను జిల్లాస్థాయి ఆసుపత్రులు ఉన్నాయి. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి రాజధానికి 500 కిలోమీటర్లకు పైగా సముద్ర ప్రయాణం. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు, తుపాను హెచ్చరికలు వెలువడినప్పుడు ఓడలు నిలిచిపోతాయి. మందుల సరఫరాకైనా పరీక్షలకైనా ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

థైరాయిడ్ మందగిస్తే

శరీరంలోని ప్రతి కణం ఎంత వేగంతో శక్తిని వినియోగించాలో నిర్దేశించేది థైరాయిడ్ హార్మోన్. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేసి థైరాయిడ్‌ను పనిచేయిస్తుంది. థైరాయిడ్ మందగించిన కొద్దీ పీయూష గ్రంథి మరింత టీఎస్‌హెచ్‌ను పంపుతుంది. అందుకే రక్తంలో టీఎస్‌హెచ్ పెరగడం, టీ4 తగ్గడం హైపోథైరాయిడిజానికి ప్రధాన సూచన.

అలసటతో పాటు బరువు పెరగడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, గొంతు బొంగురుపోవడం, మతిమరుపు, స్త్రీలలో నెలసరి రక్తస్రావం ఎక్కువ కావడం దీని లక్షణాలు. చలికి తట్టుకోలేకపోవడం కూడా ముఖ్య లక్షణమే. అయితే ఏడాదంతా ఉక్కపోత ఉండే దీవుల్లో అది స్పష్టంగా బయటపడకపోవచ్చు. ఈ లోపం పురుషులలో కన్నా స్త్రీలలో చాలా ఎక్కువ. ఇంటిపని, బయటిపని మోసే స్త్రీ అలసటను కుటుంబం బద్ధకంగానో వయసు ప్రభావంగానో కొట్టివేయడం, ఆమె సైతం అదే నిజమని నమ్మడం వల్ల వ్యాధి నిర్ధారణ ఏళ్ల తరబడి ఆలస్యమవుతోంది.

దేశంలోని ఎనిమిది నగరాల్లో 5,376 మంది వయోజనులపై జరిపిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. అందులో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్లు తేలింది. హైదరాబాద్ కూడా ఆ నగరాల్లో ఒకటి. తీరప్రాంత నగరాల కన్నా లోతట్టు నగరాల్లో ఈ సమస్య కొంత ఎక్కువగా కనిపించినప్పటికీ, తీరవాసులలో సైతం ప్రతి వందమందిలో తొమ్మిదిమందికి పైగా దీని బారిన పడినవారే. లోపం ఉన్నవారిలో సుమారు మూడోవంతు మందికి పరీక్ష చేసేవరకు ఆ సంగతి తెలియదు.

సముద్రం పక్కనే ఉన్నా అయోడిన్ ఉప్పు అవసరమే

థైరాయిడ్ హార్మోన్ తయారీకి అయోడిన్ ముడిసరుకు. సముద్రం చెంతనే ఉన్నాం, చేపలు తింటున్నాం, ప్రత్యేకంగా అయోడిన్ ఉప్పు ఎందుకన్న సందేహం దీవుల్లో సహజం. చేపలలో అయోడిన్ ఉన్నమాట నిజమే. కానీ సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన సాధారణ ఉప్పులో అది మిగిలేది అత్యల్పం. భారీ వర్షాలు కురిసే నేలల నుంచి అయోడిన్ కొట్టుకుపోతుంది గనుక అక్కడ పండే కూరగాయలపైనా పూర్తిగా ఆధారపడలేం. దేశంలో ఏ రాష్ట్రమూ, ఏ కేంద్రపాలిత ప్రాంతమూ అయోడిన్ లోప వ్యాధుల నుంచి పూర్తిగా విముక్తం కాదని ప్రభుత్వ సర్వేలు తేల్చాయి.

ఉప్పు ద్వారా ఈ లోపాన్ని నివారించవచ్చని భారతదేశంలో నిరూపించిన పరిశోధనకు సారథ్యం వహించినది తెలుగు వైద్య శాస్త్రవేత్త కావడం విశేషం. 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఈ ప్రయోగాన్ని ప్రారంభించింది. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. 1962 నాటికి మొదటి రెండింటిలో గాయిటర్, అంటే మెడవాపు వ్యాధి, గణనీయంగా తగ్గింది. మూడవదానిలో తగ్గలేదు. అదే ఏడాది జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలై, 1992లో జాతీయ అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది. అయోడిన్ లేని ఉప్పును ఆహారం కోసం విక్రయించడంపై 2006 మే నుంచి దేశవ్యాప్త నిషేధం అమలులో ఉంది.

నిబంధనల ప్రకారం వినియోగదారుని చేరే ఉప్పులో పది లక్షల భాగాలకు కనీసం 15 భాగాల అయోడిన్ ఉండాలి. తేమకు, వేడికి అయోడిన్ తగ్గిపోతుంది. కాబట్టి ఉప్పును మూత బిగుతుగా ఉండే పొడి డబ్బాలో, పొయ్యికి దూరంగా నిల్వ చేయడం, కూర దించే ముందు వేయడం మంచిది. విడిగా అమ్మే రాళ్ల ఉప్పు, సైంధవ లవణం దీనికి ప్రత్యామ్నాయం కావు.

అయితే ఉప్పు నివారణ మార్గమే తప్ప చికిత్స కాదు. అయోడిన్ చాలినంతగా అందుతున్నవారిలో హైపోథైరాయిడిజానికి ప్రధాన కారణం రోగనిరోధక వ్యవస్థ సొంత థైరాయిడ్‌పైనే దాడి చేయడం. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన ఈ వ్యాధికి అయోడిన్ పెంచితే ప్రయోజనం ఉండదు. సముద్రపు నాచు మాత్రల వంటివి అతిగా వాడితే థైరాయిడ్ మరింత దెబ్బతినే అవకాశమూ ఉంది.

అడ్రినల్ విఫలమైతే

అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ రక్తంలో చక్కెరను, రక్తపోటును నిలబెడుతుంది. జ్వరం, గాయం, శస్త్రచికిత్స వంటి విపత్తులను తట్టుకునే బలం శరీరానికి దానివల్లే కలుగుతుంది. వీటి నుంచే వచ్చే ఆల్డోస్టిరోన్ శరీరంలోని ఉప్పును మూత్రంలో వృథా కాకుండా కాపాడుతుంది. ఈ గ్రంథులు పాడైపోయే వ్యాధిని 1855లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ వివరించారు. అందుకే దానికి అడిసన్ వ్యాధి అని పేరు. నాడు దానికి ప్రధాన కారణం క్షయ. భారతదేశంలో నేటికీ క్షయ ఒక ముఖ్య కారణంగానే ఉంది. థైరాయిడ్ లోపంతో పోలిస్తే ఇది అరుదు, ప్రమాదం మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ.

తీవ్రమైన అలసట, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, వికారం, కడుపునొప్పి, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, ఉప్పు తినాలన్న కోరిక దీని లక్షణాలు. థైరాయిడ్ లోపంలో బరువు పెరుగుతుంది, ఇందులో తగ్గుతుంది. మరో ముఖ్య గుర్తు చర్మం నల్లబడడం. పగలంతా పడవపై ఎండలో పనిచేసే మత్స్యకారుడి రంగు మారితే ఎండ వల్లనే అనుకోవడం సహజం. అందుకని ఎండ తగలని చోట్ల పరిశీలించాలి. చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం, అరచేతి గీతలు, పాత గాయాల మచ్చలు నల్లబడితే అది ఎండ పని కాదు. అలాగే ఉక్కలో చెమట ద్వారా ఉప్పు పోతుంది గనుక కళ్లు తిరగడాన్ని వడదెబ్బగా పొరబడే ప్రమాదం ఉంది. పదే పదే అలా జరుగుతుంటే రక్తపోటును పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు కొలిపించుకోవాలి. రక్తంలో సోడియం, పొటాషియం, చక్కెర పరీక్షించాలి.

మన సమాజంలో తరచుగా ఎదురయ్యే మరో కారణం స్టెరాయిడ్ల దుర్వినియోగం. కీళ్లనొప్పులకు, ఉబ్బసానికి, చర్మవ్యాధులకు అర్హత లేనివారు ఇచ్చే మాత్రల్లో, పేరులేని పొడుల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటివి ఉంటున్నాయి. వీటిని వారాల తరబడి వాడితే సొంత అడ్రినల్ గ్రంథులు పని మానుకుంటాయి. అలాంటి మందును హఠాత్తుగా ఆపితే శరీరానికి కార్టిసాల్ అందదు, రోగి కుప్పకూలవచ్చు. స్టెరాయిడ్ వాడుతున్నామని తెలిసినవారు దానిని సొంతంగా ఆపకూడదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి.

రెండూ కలిసి ఉన్నప్పుడు

కొందరిలో రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు రెండింటిపైనా దాడి చేస్తుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ కెన్నెడీ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆయనకు 1947లో అడిసన్ వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయింది, థైరాయిడ్ లోపమూ ఉండేది. క్రమం తప్పని మందులతోనే ఆయన దేశాధ్యక్ష బాధ్యతలు నిర్వర్తించారు.

మరికొందరిలో రెండు గ్రంథులనూ నడిపించే పీయూష గ్రంథే దెబ్బతింటుంది. ప్రసవ సమయంలో అధిక రక్తస్రావమైన స్త్రీలలో ఇలా జరగవచ్చు. దీనిని షీహాన్ సిండ్రోమ్ అంటారు. బిడ్డకు పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, నానాటికీ నీరసించిపోవడం దీని ఆనవాళ్లు. ఈ స్థితిలో చర్మం నల్లబడదు. టీఎస్‌హెచ్ కూడా పెరగదు, మామూలుగానే కనిపించవచ్చు. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి అంతా బాగుందని తేల్చేస్తే వ్యాధి దొరకదు. టీ4, ఉదయపు కార్టిసాల్ కూడా చూడాలి. ప్రసవం జరిగి ఏళ్లు గడిచినా నాటి రక్తస్రావం సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి.

రెండు లోపాలూ ఉన్నప్పుడు చికిత్సలో వరుసక్రమం ప్రాణప్రదం. ముందు స్టెరాయిడ్, తరువాతే థైరాక్సిన్. అడ్రినల్ లోపాన్ని సరిచేయకుండా థైరాక్సిన్ మొదలుపెడితే శరీరం ఉన్న కాస్త కార్టిసాల్‌ను మరింత వేగంగా ఖర్చుచేస్తుంది. ఫలితంగా అడ్రినల్ సంక్షోభం తలెత్తవచ్చు. థైరాయిడ్ మాత్రలు ప్రారంభించాక నీరసం తగ్గకపోగా పెరిగి, వాంతులు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

'అడ్రినల్ ఫెటీగ్' పేరిట వ్యాపారం

ఒత్తిడి వల్ల అడ్రినల్ గ్రంథులు అలసిపోతాయని, అదే నీరసానికి కారణమని చెప్పి సప్లిమెంట్లు అమ్మే ప్రకటనలు ఇంటర్నెట్‌లో విస్తారంగా కనిపిస్తాయి. ఈ పదాన్ని 1998లో అమెరికాకు చెందిన ప్రత్యామ్నాయ వైద్యుడు జేమ్స్ విల్సన్ ప్రచారంలోకి తెచ్చారు. 58 అధ్యయనాలను పరిశీలించి 2016లో ప్రచురించిన సమీక్ష అటువంటి వ్యాధి ఉన్నట్లు ఆధారాలు లేవని తేల్చింది. అనుభవిస్తున్న అలసట అబద్ధమని దీని అర్థం కాదు. దానికి పెట్టిన పేరు మాత్రమే తప్పు. ఈ పేరుతో అమ్మే కొన్ని ఉత్పత్తుల్లో స్టెరాయిడ్లు, థైరాయిడ్ హార్మోన్లు కలిసి ఉండవచ్చు. అవి అసలు వ్యాధిని కప్పిపుచ్చుతాయి. జుట్టు కోసం వాడే బయోటిన్ సైతం థైరాయిడ్ పరీక్ష ఫలితాలను తారుమారు చేయగలదు. కాబట్టి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దానిని ఆపాలి.

పరీక్షలు ఎలా

మొదటి అడుగుగా రక్తహీనత, మధుమేహం, టీఎస్‌హెచ్, టీ4, మూత్రపిండాలు, కాలేయం పనితీరు పరీక్షలు సరిపోతాయి. దీవుల్లో లెప్టోస్పైరోసిస్, నికోబార్ ప్రాంతంలో మలేరియా, అన్నిచోట్లా క్షయ ఉన్నాయి గనుక జ్వరంతో కూడిన నీరసమైతే వాటినీ చూడాలి. అండమాన్‌లో ఒకప్పుడు అంతుచిక్కని రక్తస్రావ జ్వరంగా భావించిన వ్యాధి లెప్టోస్పైరోసిసేనని పరిశోధకులు గుర్తించేందుకు కొన్నేళ్లు పట్టింది. నిద్రలేమి, గురకతో ఊపిరి ఆగే సమస్య, మానసిక కుంగుబాటు కూడా అలసటకు సాధారణ కారణాలే.

అడ్రినల్ లోపం అనుమానం ఉంటే ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష చేస్తారు. నిద్ర లేచే వేళకు కార్టిసాల్ గరిష్ఠంగా ఉండడమే ఇందుకు కారణం. రాత్రి వేటకు వెళ్లి పగలు నిద్రించేవారిలో ఈ లయ మారిపోతుంది. ఆ సంగతిని రక్తం ఇచ్చే ముందే చెప్పాలి. ఫలితం సందేహాస్పదంగా ఉంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ పరీక్షిస్తారు. రోగి పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం ఫలితాల కోసం ఎదురుచూడకుండా చికిత్స మొదలుపెట్టాలి.

ఓడ ఆలస్యమైతే ఏ మందు ఆగవచ్చు?

థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గేందుకు దాదాపు ఏడు రోజులు పడుతుంది. కాబట్టి ఒకటి రెండు మోతాదులు తప్పినా కంగారు పడనవసరం లేదు. దీనిని రోజూ ఒకే వేళకు, పరగడుపున, టీ కాఫీలకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు, దీనికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూస్తే చాలు. రాజధానికి ప్రయాణాన్ని ఆ గడువుకు అనుగుణంగా ముందే నిర్ణయించుకోవచ్చు. వేడి, తేమ తగిలితే ఈ మాత్రల సత్తువ తగ్గుతుంది. వంటింటి కిటికీలోను, పడవలోను ఉంచరాదు. గర్భం దాల్చినట్లు తెలిసిన వెంటనే మోతాదు పెంచవలసి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

అడ్రినల్ లోపానికి వాడే హైడ్రోకార్టిసోన్ అలా కాదు. కొద్ది గంటల్లోనే దాని ప్రభావం ముగుస్తుంది. అందుకే రోజుకు రెండు మూడు సార్లు, మొదటిది నిద్ర లేవగానే వేసుకోవాలి. ఇంట్లో ఎప్పుడూ కనీసం ఒకటి రెండు నెలలకు సరిపడా నిల్వ ఉండాలి. వానాకాలానికి ముందు దానిని మరింత పెంచుకోవడం వివేకం. జ్వరం వస్తే వైద్యుడు ముందుగా చెప్పిన ప్రకారం మోతాదును రెండు మూడు రెట్లు చేయాలి. వాంతులవుతూ మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ అవసరం. ఆ ఇంజెక్షన్‌ను ఇంట్లో ఉంచుకుని, కుటుంబంలో ఒకరైనా చేయడం నేర్చుకోవాలి. స్టెరాయిడ్ ఆపరాదని రాసిన కార్డు రోగి జేబులో ఎప్పుడూ ఉండాలి. ఉపవాసాలకు, శస్త్రచికిత్సకు, దంతాలు తీయించుకోవడానికి ముందు వైద్యుని సలహా తప్పనిసరి.

ఉప్పు విషయంలోనూ తేడా ఉంది. రక్తపోటు భయంతో ఉప్పు తగ్గించమనే సాధారణ సలహా అడిసన్ రోగికి వర్తించదు. చెమట ఎక్కువగా పట్టే వాతావరణంలో వారికి ఉప్పు మరింత కావాలి. ఎంత అన్నది వైద్యుడు నిర్ణయించాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఓడ కోసం ఆగకుండా సమీప ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి:

- ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి
- లేవలేనంత నీరసం, స్పృహ తప్పడం, పొంతన లేని మాటలు
- చల్లని చెమటలు, రక్తపోటు పడిపోవడం
- స్టెరాయిడ్ మందు ఆపిన తరువాత వచ్చిన ఏ జ్వరమైనా

పరీక్ష బాగున్నా అలసట తగ్గకపోతే

మాత్రలు వాడి టీఎస్‌హెచ్ మామూలు స్థితికి వచ్చినా కొందరిలో అలసట పూర్తిగా పోదు. అప్పుడు మోతాదును సొంతంగా పెంచుకుంటే గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం వంటి ముప్పులు ఉన్నాయి. టీఎస్‌హెచ్ స్వల్పంగా మాత్రమే పెరిగిన 65 ఏళ్లు, ఆపై వయసున్న 737 మందిపై ఐరోపాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. థైరాక్సిన్ ఇచ్చినవారికి, ఉత్త మాత్ర ఇచ్చినవారికి అలసటలో తేడా కనిపించలేదు. అంటే పరీక్షలో కొద్దిపాటి తేడా కనిపించినంత మాత్రాన అలసటకు అదే కారణమని చెప్పలేం. ఇనుము, బీ12, డీ విటమిన్ల లోపాలను, నిద్రను, మనసు స్థితిని తిరిగి పరిశీలించాలి.

చికిత్స ఫలితం రాత్రికి రాత్రే రాదు. థైరాయిడ్ విషయంలో శక్తి తిరిగి రావడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఈలోగా బరువైన పనులను శక్తి ఎక్కువగా ఉండే ఉదయపు వేళకు పెట్టుకోవడం, మధ్యలో కాసేపు విశ్రమించడం, రోజూ కొద్ది దూరం నడుస్తూ క్రమంగా పెంచుకోవడం, వేళకు నిద్రించడం మేలు చేస్తాయి. ఓపిక ఉన్న రోజున పనులన్నీ ఒకేసారి ముగించాలని చూస్తే మరుసటి రెండు రోజులు మంచం పట్టవలసి వస్తుంది.

నిపుణుల సలహాకు ప్రతిసారీ సముద్రం దాటవలసిన అవసరం ఇప్పుడు తగ్గింది. చెన్నైని శ్రీ విజయపురంతోను, అక్కడి నుంచి కార్ నికోబార్, లిటిల్ అండమాన్, గ్రేట్ నికోబార్ తదితర దీవులతోను కలిపే సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో అందుబాటులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ద్వారా దూరం నుంచే వైద్యుని సంప్రదించవచ్చు. పరీక్షల కాగితాలు, వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, గతంలో వాడిన స్టెరాయిడ్ల వివరాలు ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటే ఆ సంప్రదింపు ఫలవంతమవుతుంది. అత్యవసరంలో తెలియని వైద్యుని చేతికి చిక్కినప్పుడు రోగిని కాపాడేది సైతం ఆ పుస్తకమే.